మూడు గ్రూపులకు పంపిన మనవి

మా సంఘంలో కొత్తగా వచ్చినవాళ్లను ఆరాధన చివర లేపి నిలబెడతాం. పేరు, సొంత ఊరు, ఉద్యోగం, బెంగళూరులో ఎక్కడ ఉంటున్నారు, ప్రార్థన మనవి ఏమిటి అని అడుగుతాం. వాళ్లు చెప్తారు, మేం చప్పట్లు కొట్టి వందనాలు చెప్తాం. బైబిలు వాక్య చర్చ కోసం ఫోన్‌లో గ్రూపు పెట్టినప్పుడు, దాన్ని నడిపే పెద్దగా నేను ఆ పద్ధతినే నియమం చేశాను. సంఘంలో వినేవాళ్లు కళ్లెదుట ఉంటారు. గ్రూపులో సగంమందిని నేను చూడనే లేదు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

నిరుడు ఒక అమ్మాయి చేరింది. "అందరికీ వందనాలు. చర్చలు చదవడానికి వచ్చాను" అని మాత్రం రాసింది. నాకది మర్యాదగా అనిపించలేదు. "ఎవరమ్మా నువ్వు? వివరాలు చెప్పకుండా వెనక బెంచీలో కూర్చుంటే ఎలా?" అని అందరి ముందే రాశాను. నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. సాయంత్రానికి ఆమె అన్నీ రాసింది. పేరు, ఊరు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు, మడివాళలో పీజీ హాస్టల్. చివర మనవి: మెడ దగ్గర గడ్డ ఉంది, ముక్క తీసి పరీక్షకు పంపారు, శుక్రవారం రిపోర్టు వస్తుంది, అమ్మకు ఇంకా చెప్పలేదు, ప్రార్థించండి.

మోకరించి ప్రార్థించాను. లేచి, ఆ మనవిని ఉన్నది ఉన్నట్టు మరో మూడు ప్రార్థన గ్రూపులకు పంపాను. ఎంతమంది మోకరిస్తే అంత బలమని మేం నమ్ముతాం. ఇప్పటికీ నమ్ముతాను. ఆ మూడింటిలో ఒకటి ఆమె ఊరి స్త్రీలది. సొంత ఊరివాళ్లయితే ఇంకా భారంతో ప్రార్థిస్తారని కావాలనే ఎంచుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"అంకుల్, మా ఊరి గ్రూపులో పెట్టింది మీరేనా?"

"అవునమ్మా, ప్రార్థన కోసమే."

"పక్కింటి ఆంటీ వచ్చి మా అమ్మని పట్టుకుని ఏడ్చిందంట. అమ్మకి బీపీ అంకుల్. రిపోర్ట్ చేతిలో పెట్టుకుని నేనే స్లోగా చెప్దామనుకున్నా. ఇప్పుడు ఒక్కతే బస్సెక్కి వస్తోంది."

"మంచి మనసుతోనే చేశాను తల్లీ."

"ప్రార్థన చెయ్యమన్నా. ఫార్వర్డ్ చెయ్యమన్లేదు కదా అంకుల్."

పెట్టేసింది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన నా భార్య పక్కనే ఉండి అంతా విన్నది.

"ఏమప్పా, ఆ పిల్ల యాడుండాదో దేవునికి తెలీదా? అడ్రస్సుతో సహా చేర్చేకి నువ్వేమన్నా కొరియరా?"

తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమన్న వాక్యం మీద ఎన్నోసార్లు ప్రసంగించినవాణ్ని.

ఆ సాయంత్రం ఇద్దరం మడివాళలో బస్సు ఆగే చోటికి వెళ్లాం. అమ్మాయి అక్కడే నిలబడి ఉంది. తల్లి దిగి కూతురి మెడ తడిమి చూసుకున్నాక, నేనెవరో తెలిసి ఒక్క మాటే అంది. "నా బిడ్డ నోటితో వినాల్సింది గదన్నా."

శుక్రవారం రిపోర్టు వచ్చింది. ఆమె నాకు చెప్పింది. గ్రూపులో మాత్రం ఆమె ఏమీ రాయలేదు. ఒకాయన, "ప్రార్థించినవాళ్లకు ఫలితం తెలియొద్దా బ్రదర్?" అని రెండుసార్లు అడిగాడు. చెప్పాలనుకుంటే ఆమే చెబుతుందని రాసి, పరిచయాల నియమం ఆ రోజే తీసేశాను.

ఈ సంగతి రాయనా అని ఆమెను అడిగాను. ఊరి పేరు వద్దంది, తీసేశాను. మరి రిపోర్టు సంగతి?

"అది నాది అంకుల్" అంది.