చెక్కముక్క

రేకులు వంచే ప్రెస్సు దగ్గర పెద్దక్క చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, జుట్టు బిగించి ముడేసుకుని నిలబడుతుంది. ఆ ప్రెస్సుకు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే పైనున్న దిమ్మె దిగుతుంది. చేతులు దాని కింద పడకుండా చేసిన ఏర్పాటది. పని తొందరగా సాగాలని సూపర్‌వైజర్ రోజూ ఒక బటన్‌లో చెక్కముక్క ఇరికించి పోతాడు. ఇక ఒక చెయ్యి బటన్ నొక్కుతుంటే రెండోది దిమ్మె కింద రేకులు పెడుతుండాలి. పోయేది అతని చెయ్యి కాదుగా! పెద్దక్క రోజూ ఆ ముక్క పీకి, నోరారా తిట్టి, మూలకు విసిరేస్తుంది.

మొన్న, అలాగే చెక్కముక్క ఇరికించిన పక్క ప్రెస్సు మీద పనిచేసే చెల్లెమ్మకు రెండు వేళ్లు నలిగిపోయాయి. ఇవాళ చేతికట్టుతో వచ్చి సెలవడిగితే, "నీ అజాగ్రత్తకి జీతమిచ్చి సెలవా?" అన్నాడు సూపర్‌వైజర్. ఆ మాట పెద్దక్క చెవిన పడింది. ఇవాళ చెక్కముక్క ఇంకా పీకలేదు. ఒక రేకు తీసి అతని ముందుకు చాపింది.

"సార్, జాగ్రత్తగా ఎలా పెట్టాలో ఒక్కటి పెట్టి చూపించండి. నేర్చుకుంటాం."

"అది నా పనా?"

"ఒక్కటే సార్."

యంత్రాలు ఒక్కొక్కటే ఆగాయి. అందరూ చూస్తున్నారు. పరువు పోతుందని రేకు అందుకున్నాడు. దిమ్మె కిందికి వెళ్లబోయిన చెయ్యి నిప్పు తాకినట్టు వెనక్కి వచ్చేసింది. రేకు ఖంగుమని నేలమీద పడింది.

పెద్దక్క చెక్కముక్క పీకి అతని జేబులో కుక్కింది.

"మీ చేతికి తెలుసు సార్, తప్పెవరిదో. ఆ చేత్తోనే రాయండి మా చెల్లి సెలవు."