వంటింటికి వేసిన రేడియో తీగ

నా చిన్నప్పుడే నాంపల్లిలో మా ఇంట్లో రేడియో ఉండేదని చెబితే అదృష్టవంతులంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రేడియో మా నాన్నది, ఆయన స్నేహితులది. అది ఉండేది దివాన్‌ఖానాలో, అంటే ముందు గదిలో. మగవాళ్లు అక్కడ కూర్చున్నంతసేపు ఆడవాళ్లు ఆ గుమ్మం దాటకూడదు. సాయంత్రమైతే వాళ్లు కూర్చోనిదెప్పుడు?

మా మేనత్త నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంటికొచ్చి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టేది. ఆమె కోరుకున్నది ఒక్కటే, సాయంత్రం పాటలు. ఒకరోజు దుమ్ము దులుపుతూ, రేడియో వెనక ఇంకో స్పీకరు తగిలించుకునే రంధ్రాలు చూసింది. ఆబిడ్స్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నుంచి పాత స్పీకరు, తీగ నా చేత తెప్పించింది. తానే స్టూలెక్కి, తలుపుల మీదుగా మేకులు కొట్టి, తీగను వంటింటిదాకా లాగింది. మూడు రోజులు పాటలు విన్నది. రెండుసార్లు అన్నం మాడింది. నేను సంతోషంగా తిన్నాను.

నాలుగో రోజు దివాన్‌ఖానాలో శబ్దం తగ్గిందని నాన్న కనిపెట్టారు. రెండు స్పీకర్లకు పంచితే కొంచెం తగ్గుతుంది మరి. ఆ కొంచెం కూడా ఓర్వలేకపోయారు.

"వంటింట్ల రేడియో ఎందుకు? జర ఆ తీగ పీకెయ్యి బిడ్డా" అన్నారు నాతో.

పీకేశాను. అత్త గంజి వారుస్తూ చూసింది. నాన్న మీద కోపంతో తీగను చుట్టచుట్టి మూలకు విసిరాను.

మర్నాడు సాయంత్రం స్నేహితులు చేరారు, వార్తలు మొదలయ్యాయి. అత్త రగులుతున్న బొగ్గుల కుంపటి తెచ్చి గది నడుమ పెట్టింది. పీట వేసుకుని కూర్చుని, కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసింది. పెద్దమనుషులంతా దగ్గుతూ వీధిలోకి నడిచారు.

"ఏందక్కా గిది?" అన్నారు నాన్న, కళ్లు తుడుచుకుంటూ.

"రేడియో లోపటికి రావద్దంటివి గద తమ్మీ. గందుకే పొయ్యినే గీడికి తెచ్చిన. రోజూ తెస్త."

ఆమె గొంతు పెంచలేదు. నాన్న సుత్తి ఎక్కడుందని నన్నడిగారు. తీగ మళ్లీ వేసింది ఆయనే.

నాన్న మీద కోపం ఎప్పుడో పోయింది. "పీకను" అనలేకపోయినందుకు నా మీద నాకున్నది మాత్రం పోలేదు. అందుకే ఎవరైనా "నీకెందుకమ్మా ఇవన్నీ" అంటే ఇప్పుడు అరవను, ఏడుస్తూ లోపలికి పోను. నా పని తెచ్చుకుని వాళ్ల మధ్యనే కూర్చుంటాను. లేవమంటే లేవను.