రోజుకు పది ‘కాదు’లు

ఈ మధ్య మా ఇంట్లో పొద్దున పది నుంచి పన్నెండు దాకా మిక్సీ వేయకూడదు, కుక్కర్ పెట్టకూడదు, చివరికి గట్టిగా దగ్గకూడదు కూడా. మా కోడలు ఇంగ్లిష్ పరీక్షకు తయారవుతోంది. ఆ పరీక్ష ఇప్పుడు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఇవ్వవచ్చునట, గదిలో రెండో మనిషి గొంతు వినబడితే రద్దు చేస్తారట, అందుకని ఇప్పటి నుంచే అలవాటు కావాలని ఆ పిల్ల తలుపు వేసుకుని తెరతో మాట్లాడుతుంటుంది, నేనేమో వరండాలో చాప వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నోరు మూసుకుని కూర్చుంటాను. మొన్న అట్లా కూర్చున్నప్పుడే తలుపు సందులోంచి ఒక మాట వినిపించింది. “ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ అగ్రీ” అంది మా కోడలు, కాస్త మంచినీళ్లివ్వమన్నంత తేలికగా. నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ ఒక్క మాట నోటికి రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది మరి.

ఇది జరిగి ఇరవై ఏళ్ల పైమాటే. అప్పుడు నేను మొయినాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నర్సును. మా పుట్టినిల్లు ఆలూరు, అత్తగారి ఊరు ముడిమ్యాల దాటినాక వచ్చే చిన్న ఊరు. మా మామకు భూమి ఉండేది, మండలంలో మాట చెల్లేది, ఓట్లొచ్చాయంటే మా వాకిట్లో చెప్పుల వరుస గడప దాటి రోడ్డు దాకా ఉండేది. అట్లాంటి ఇంటి కోడలు బస్సెక్కి నౌకరీకి పోవడమే అప్పట్లో పెద్ద విషయం. అయినా మామ అడ్డు చెప్పలేదు, ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు, నేను అడగలేదు. మన ఈడు కోడళ్లు మామలను ఏమడిగేవాళ్లు చెప్పండి, కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టమంటారా అని తప్ప.

నాతో చదువుకున్న ఒక స్నేహితురాలు అంతకు ముందే విదేశంలో నర్సు ఉద్యోగానికి పోయి, అక్కడి నుంచి నాకు ఉత్తరం రాసింది. అక్కడ రోగిని నర్సే ముందు చూస్తుందట, చూసి తన అభిప్రాయం తన చేత్తో రాసి సంతకం పెడుతుందట, డాక్టర్ వచ్చి ముందు ఆ కాగితం చదువుతాడట. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పన్నెండేళ్లు డాక్టర్ వెనక ట్రే పట్టుకుని నడిచిన దాన్ని, నా కళ్లతో చూసింది నేనే రాయడమంటే ఎంత ఆశ పుట్టిందో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. మూడేళ్ల ఉద్యోగం, కావలసిందల్లా ఇంగ్లిష్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ తొమ్మిదికి ఏడు చొప్పున రావడం. వచ్చిన మార్కులు రెండేళ్లు మాత్రమే చెల్లుతాయి, ఆ లోపల పోకపోతే మళ్లీ మొదటికే. మా ఆయన పోయి రమ్మన్నాడు. బాబును ఆలూరులో మా అవ్వ, అదే మా అమ్మ, చూసుకుంటానంది. మామకు మాత్రం మార్కులు వచ్చినాకే చెబుదామనుకున్నాం.

మొయినాబాద్ బస్టాండ్‌కు ఎదురుగా ఎరువుల దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకుని, రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ ఒకాయన సాయంత్రాలు ఈ పరీక్షకు చదువు చెప్పేవాడు. మేము నలుగురం నర్సులం పగటి డ్యూటీ దిగి యూనిఫాం మీదనే మెట్లెక్కేవాళ్లం. గది నిండా యూరియా వాసన. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ ఒక్కసారే వేసేవాడు సార్, పరీక్షలో కూడా ఒక్కసారే వినిపిస్తారు గనక. సరిగ్గా అప్పుడే కింద ఆటోవాళ్లు చిల్కూరు, చిల్కూరు అని గొంతు చించుకునేవాళ్లు. కిటికీ మూద్దామంటే సార్ ఒప్పుకునేవాడు కాదు, ఈ గోలలో విన్నవాళ్లకు ఆ పరీక్ష గదిలో గడియారం చప్పుడు కూడా వినబడుతుందనేవాడు. అది నిజమే అయింది, వినడంలో మా నలుగురిలో ఒక్కరూ తప్పలేదు.

తప్పింది నేను, అదీ మాట్లాడడంలో. మొదటిసారి పరీక్ష ఇచ్చినప్పుడు మిగతా మూడింట్లో ఏడు దాటాయి, మాట్లాడడంలో ఆరు దగ్గరే ఆగిపోయింది. సార్‌కు నమ్మకం కుదరలేదు. నలుగురిలో ఉచ్చారణ బాగుండేది నాదే, మాటలకు వెతుక్కునే దాన్ని కూడా కాదు. లోపల ఏం జరిగిందో అట్లాగే చేసి చూపమన్నాడు. తాను పరీక్ష తీసుకునేవాడిలా కుర్చీలో కూర్చుని, నర్సులు డాక్టర్ చెప్పింది మాత్రమే చేయాలని కొందరంటారు, నువ్వేమంటావని ఇంగ్లిష్‌లో అడిగాడు. అవును సార్ అన్నాను. పిల్లలను కొట్టి చదివించాలంటారు, నిజమేనా అన్నాడు. నిజమే సార్, కొంచెం అన్నాను. ఊళ్లకంటే పట్నమే మంచిదంటారు అన్నాడు. కరెక్ట్ సార్ అన్నాను. పట్నం కంటే ఊళ్లే మంచివని ఇంకొందరంటారు కదా అన్నాడు. అదీ కరెక్టే సార్ అన్నాను. నాతోటి నర్సులు ముగ్గురూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పరీక్ష గదిలో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పది ప్రశ్నలడిగితే నేను పదింటికీ ఔనని, ఆవిడ మాటనే ఇంకోసారి తిప్పి చెప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నానన్న సంగతి అప్పుడు బయటపడింది. పెద్దవాళ్లు ఒక మాట అన్నాక ఇంకో మాట అనడం మనకు ఎక్కడిది? ఇంట్లో లేదు, బడిలో లేదు, వార్డులో అసలే లేదు.

సార్ కుర్చీలోంచి లేచి, “నీకు ఇంగ్లిష్ వచ్చమ్మా, కాదనుడే వస్తలేదు” అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు వేరే హోంవర్క్. రోజుకు పది ‘కాదు’లు నోట్‌బుక్‌లో రాసుకుని రావాలి, ప్రతి దానికీ ఎందుకంటే అని ఒక కారణం ఉండాలి, కారణం లేని కాదు మొండితనం కిందికి వస్తుంది గాని అభిప్రాయం కిందికి రాదనేవాడు. నేను బుద్ధిగా రాశాను. కండక్టర్ సీట్లు లేవన్నాడు, నేను ఒప్పుకోను, ఎందుకంటే వెనక రెండు ఖాళీగా ఉన్నాయి. అత్తమ్మ టమాట పచ్చట్లో ఉప్పు చాలదంది, నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆమె కంటే ముందు ముగ్గురు తిని ఏమీ అనలేదు. వారం తర్వాత సార్ నోట్‌బుక్ అంతా తిరగేసి, ఇందులో ఒక్కటన్నా ఆ మనిషి ముఖం మీద అన్నావా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. పుస్తకం మూసేసి, రాసుడు చాలు, రేపటి నుంచి రోజుకు ఒకటి నోటితో అనమన్నాడు.

‘నోటితో’ అనడమంటే నాకు భయమే. కండక్టర్‌తో మొదలుపెట్టాను, ఆయన నన్ను పట్టించుకోలేదు గనక భయం కొంత తగ్గింది. తర్వాత మందుల దుకాణం ఆయనతో అన్నాను. ఇంకొన్ని రోజులకు వార్డులో ఒక ముసలమ్మ విషయం వచ్చింది. జ్వరం దిగింది, ఇంటికి పంపించండని డాక్టర్ కాగితం మీద రాస్తున్నాడు. పొద్దటి నుంచి ఆమెకు మూత్రం రాలేదు, కాళ్లకు నీరు పడుతున్నట్టు నాకు అనిపిస్తోంది. మామూలు రోజైతే ట్రే సర్దుకుని పక్కకు జరిగేదాన్ని. ఆ రోజు నా నోట్లోంచి, ఎరువుల దుకాణం మీద నేర్చుకున్న ఇంగ్లిష్‌లో, ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ అగ్రీ డాక్టర్, బికాజ్ అని మొదలైన వాక్యం పూర్తిగా బయటికి వచ్చేసింది. డాక్టర్ చేతిలో పెన్ను ఆగింది. ఆయన నా ముఖం చూశాడు, ముసలమ్మ కాళ్లు చూశాడు, వేలితో నొక్కి చూశాడు, రాసిన కాగితం చించి ఇంకో కాగితం రాశాడు. ఆమె ఇంకో నాలుగు రోజులుండి బాగై ఇంటికి పోయింది. మర్నాడు రౌండ్స్‌లో ఆయన నవ్వకుండానే, “ఇంకేమన్న ఒప్పుకోనిది ఉందా సిస్టర్” అని అడిగాడు. ఆ తర్వాత సంతకం పెట్టేముందు ఒకసారి నా వైపు చూడడం ఆయనకు అలవాటైంది. విదేశం పోకుండానే నాకు దొరికిన గౌరవం అది, ఇప్పటికీ తలచుకుంటే సంతోషంగానే ఉంటుంది.

రెండోసారి పరీక్ష పట్నంలో ఒక హోటల్ గదిలో జరిగింది. ఎదురుగా తెల్లజుట్టు ఆవిడ. చివరికి, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తల్లి ఇంటికి దూరంగా ఉద్యోగం చేయకూడదని చాలామంది అనుకుంటారు, మీరేమంటారని అడిగింది. నేను చేతులు కట్టుకోలేదు. ఒప్పుకోనన్నాను. మూడు కారణాలు చెప్పాను. నా పని నాకు వచ్చు, దాన్ని సగం చేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు, అది మొదటిది. మా బాబుకు అమ్మమ్మ ఉంది, తండ్రి ఉన్నాడు, పెంచడం ఒక్క తల్లి పనే కాదు, అది రెండోది. మూడేళ్లు పోయి తిరిగి వచ్చే తల్లిని చూసి బాబు నేర్చుకునేది కూడా ఉంటుంది, అది మూడోది. ఆవిడ తల ఊపుతూ విన్నది. ఏడున్నర వచ్చింది.

మార్కుల కాగితం చేవెళ్ల పోస్టాఫీసు నుంచి వచ్చిన రోజు సార్ మా అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఉద్యోగం కాగితాలు కూడా కదిలాయి. ఇక మామకు చెప్పాలి, ఆదివారం చెబుదామనుకున్నాం. శుక్రవారం నాడు మా ఊరి సర్పంచ్ సీటు ఈసారి మహిళలకు వచ్చిందని తెలిసింది.

శనివారం పొద్దున మామ వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు, చుట్టూ మా పాలివాళ్లు, దాయాదులు, నలుగురైదుగురు పెద్దమనుషులున్నారు. నేను చాయ్ తెచ్చి ఇస్తుంటే నిలబడమన్నాడు. ఇంట్లో చదువుకున్నది నువ్వే, నలుగురిలో మాట్లాడడం కూడా నేర్చావని మొయినాబాద్‌లో అంటున్నారు, నిన్ను నిలబెడదామనుకుంటున్నామని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, తల ఎత్తి నా వైపు చూసి అడిగాడు.

“ఏమంటవు బిడ్డా?”

మా ఆయన కంది కట్టెల వైపు చూస్తున్నాడు. మా అత్త తలుపు దగ్గర ఉంది. అందరూ నా మాట కోసమే ఆగి ఉన్నారు. నా దగ్గర మూడు కారణాలున్నాయి, వరుసగా, నెల కిందటే ఒక పరాయి మనిషి ముందు గడగడా చెప్పినవి. తెలుగులో వాటికి మొదటి మాట ఏదో నాకు దొరకలేదు. ఎవరూ నాకు ఆ భాషలో కోచింగ్ ఇవ్వలేదు.

“మంచిది మామా” అన్నాను.

గెలిచాను. అయిదేళ్లు సర్పంచ్‌ను. మీటింగులకు మామ పోయేవాడు, సంతకాలు నేను పెట్టేదాన్ని, మన దిక్కు చాలా ఊళ్లలో జరిగే తీరే. ఆ ఏళ్లు దండగని అనను, ఊరికి మంచినీళ్ల పైపు వచ్చింది, కాన్పుల కోసం ఒక గది కట్టించాం, ఆ గది ఎక్కడ కట్టాలన్న దానిలో మాత్రం నా మాటే నెగ్గింది. కానీ మార్కుల కాగితం రెండేళ్లకే చెల్లకుండా పోయింది. దిగిపోయాక మళ్లీ నర్సుగానే చేవెళ్లలో చేరాను, అక్కడే ఇల్లు కట్టుకున్నాం, అక్కడే రిటైరయ్యాను. సార్ ఒక్కసారి బస్సులో కలిశాడు, ఏమైందమ్మా అని అడిగితే జరిగింది చెప్పాను, ఆయన తన స్టేజీ వచ్చిందని దిగిపోయాడు, నా మీద కోపం వచ్చిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మామ చివరి రోజులు మా దగ్గరే గడిచాయి. ఆయనకు రోజూ నేనే కాలి గాయం కడిగి కట్టు కట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం కట్టు కడుతుంటే ఉన్నట్టుండి, వాకిట్లో నన్ను నిలబెట్టి అడిగిన ఆ దినం సంగతి తీశాడు. నా పరీక్ష ముచ్చట ఆయనకు ముందే తెలుసట, పోస్ట్‌మ్యాన్ చెప్పాడట. “నువ్వు పోత అంటవేమోనని అడిగిన బిడ్డా. అంటె ఇంకొకల్ని చూసుకుందుము. నువ్వు అనకపోతివి” అన్నాడు. కట్టు ముడి వేశాను. ఆ రోజు ఏడ్చాను, పెరట్లోకి పోయి, పెద్దదాన్నన్న సంగతి కూడా మరిచిపోయి ఏడ్చాను. ఆయన మీద కోపం వచ్చి ఉంటే నయంగా ఉండేది.

మొన్న పన్నెండు కొట్టాక మా కోడలు తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఫార్మసీ చదివిన పిల్ల, పై చదువుకు ఏడాది విదేశం పోతానంటోంది, మా అబ్బాయి గులాబీలు పండిస్తాడు, ఆ తోట వదలలేక ఇక్కడే ఉంటానంటున్నాడు. వచ్చే ఏడు పోతే ఏమని మా ఆయన ఆ మధ్య అడిగితే, లేదు మామయ్య, ఈ ఏడే పోత అంది ఆ పిల్ల, ఆయన సరే అని చాయ్ తాగి పాలకు పోయాడు, అంతే, అంతకు మించి ఏమీ కాలేదు. ఎట్లుంది అత్తమ్మా అని అడిగింది నన్ను. నేను ఎరువుల దుకాణం మీది సార్‌నైపోయి, ఒప్పుకోనన్నావు గాని ఎందుకో చెప్పలేదు, కారణం లేకపోతే మార్కులు కోస్తారన్నాను.

ఆ పిల్ల చాప మీద నా పక్కన కూర్చుని ఒక చిక్కుడుకాయ తీసుకుంది. “పరీక్షల చెప్త గని అత్తమ్మా, ఇంట్ల ఎవరికన్న వద్దంటె వద్దే గద, కారణాలెందుకు?”

నేను ఇంకో చిక్కుడుకాయ ఈనె తీశాను. మా కాలంలో మేము ముందు కారణాలు సిద్ధం చేసుకునేవాళ్లం, ఒకటికి మూడు, ఎవరైనా అడిగితే తడుముకోకూడదని. మా మామ అడిగాడు కూడా. ఆ మూడు కారణాలు ఇప్పటికీ నాకు నోటికి వచ్చు, ఇంగ్లిష్‌లో.