కుర్చీలోంచి లేచిన బొమ్మ

కర్నూలులో రాజ్‌విహార్ దగ్గర ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో కంప్యూటర్ సెంటరు ఉండేది. కింద చీరలు, మీద చదువులు. రెండూ రాఘవేంద్రప్రసాద్‌వే. తాతల నాటి నుంచీ బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఆయనది. యానిమేషన్‌కు మంచి రోజులొచ్చాయని రెండువేల ఐదు ప్రాంతంలో ఎవరో హైదరాబాదు మనిషి చెబితే, ట్యాలీ నేర్పే గది పక్కనే ఇంకో గది సిద్ధం చేయించి, ఏసీ పెట్టించి, మెట్ల దగ్గర రంగురంగుల బోర్డు కట్టించాడు. ఆ గదిలో పాఠం చెప్పడానికి ఆయనకు దొరికిన మనిషి షాహీనా.

షాహీనాది పరుపులు కుట్టే ఇల్లు. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేసేది. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని, అక్కడే ఒక స్టూడియోలో కొన్నాళ్లు పనిచేసింది. తండ్రి వలి సాహెబ్ పోయి, తల్లి మౌలాబీకి మోకాళ్లు పట్టేశాక, ఊరికి వచ్చేసింది. నేర్చిన పనికి కర్నూలులో ఈ సెంటరు తప్ప ఇంకో చోటు లేదు. వచ్చిన కొత్తలో ఉత్సాహంగానే చెప్పేది. రెండేళ్లు గడిచేసరికి, పొద్దున ఒక బ్యాచి, మధ్యాహ్నం ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి, మూడింటికీ అదే పాఠం. నోరు చెబుతుంటే మనసు ఎక్కడో కూలబడి ఉండేది.

పాఠం ఎప్పుడూ బంతితో మొదలవుతుంది. బంతి కింద పడాలి, లేవాలి, మళ్లీ పడాలి. "పైన ఒక చోట బంతిని పెట్టి ఇది ఈ క్షణం అని గుర్తు పెట్టండి. కింద ఇంకో చోట పెట్టి ఇంకో గుర్తు పెట్టండి. మధ్యలోది కంప్యూటరే నింపుతుంది. కానీ అది లెక్క ప్రకారం నింపుతుంది. బంతికి బరువుందని దానికి తెలీదు. ఆ బరువు మీరే పెట్టాలి." ఈ మాటలు షాహీనా ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలియదు. బంతి అయ్యాక మనిషి బొమ్మ. లోపల ఎముకలు, పైన చర్మం, పట్టుకుని కదపడానికి చుట్టూ గీతలు. బొమ్మను నడిపించాలి, కూర్చోబెట్టాలి, బరువు ఎత్తించాలి. పిల్లలు చేస్తే పాదాలు నేల మీద జారేవి, మోకాళ్లు వెనక్కి విరిగేవి. అంతలో కరెంటు పోయేది. సేవ్ చేసుకోనివాళ్లు తల పట్టుకునేవాళ్లు.

అలాంటప్పుడు షాహీనాకు ఒక అలవాటైంది. పిల్లవాడు తికమకపడుతుంటే పక్కకు వచ్చి, "జరుగు, చూపిస్తా" అని మౌస్ తీసుకునేది. నడుము కొంచెం తిప్పి, పాదం సరిచేసి, రెండు నిమిషాల్లో బొమ్మను నిలబెట్టేది. చెప్పి అర్థం చేయించడం కన్నా చేసేయడం సులువు. పిల్లలకూ సంబరంగా ఉండేది. రాఘవేంద్రప్రసాద్‌కు ఇంకా సంబరం. కోర్సు ముగిశాక ఉద్యోగం కోసం చూపించుకునే చిన్న వీడియోను రీలు అంటారు. ఈ సెంటరు పిల్లల రీళ్లు బాగుంటాయని పేరొచ్చింది.

నందికొట్కూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ప్రదీప్‌కుమార్ రీలు వాటన్నిటికన్నా బాగుంది. అందులో ఒక ముసలివాడు మూట ఎత్తి భుజాన వేసుకుని నాలుగడుగులు నడుస్తాడు. ప్రదీప్ తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. అక్క లక్ష్మక్క నందికొట్కూరు బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకుని వాణ్ని చదివించింది. వాడు ఒద్దికైన పిల్లవాడు. చెప్పింది రాసుకునేవాడు, మేడం మౌస్ అడిగితే వెంటనే లేచి నిలబడేవాడు. ఈ రోజు ముసలివాడి నడుము, రేపు చేతులు, ఇంకో రోజు పాదాలు అంటూ షాహీనా సరిచేస్తూ పోయింది. చివరికి అందులో ప్రదీప్‌ది అంటూ మిగిలింది మూటకు వేసిన రంగు మాత్రమే. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆ రీలు చూసి హైదరాబాదులో ఒక స్టూడియో వాణ్ని పిలిచి, చేర్చుకుంది. రాఘవేంద్రప్రసాద్ వాడి ఫొటో పెద్దది చేయించి మెట్ల దగ్గర బోర్డులో పెట్టించాడు. లక్ష్మక్క బజ్జీలు పొట్లం కట్టుకుని సెంటరుకు వచ్చింది. షాహీనా ఆమెకు కంప్యూటరు తెర మీద ఆ రీలు వేసి చూపించింది.

నెల తిరక్కముందే ప్రదీప్ వెనక్కి వచ్చేశాడు. వచ్చాడని షాహీనాకు తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం బ్యాచికి బంతి పాఠం చెబుతుంటే, తలుపు దగ్గర లక్ష్మక్క నిలబడి కనిపించింది. చెప్పులు బయట విడిచి, ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది. షాహీనా ఆమెను వరండాలోకి తీసుకెళ్లింది.

"ఏమ్మా, మావోనికి ఏం నేర్పినావు నువ్వు?" అంది లక్ష్మక్క. గొంతులో కోపం లేదు. బస్సులో నిలబడి వచ్చిన అలసట ఉంది.

"ఏమైంది లక్ష్మక్కా? వాడు హైదరాబాదులో ఉండాడు గదా?"

"యాడ హైదరాబాదు? ఇంట్లో పండుకోని ఉండాడు. గోడ తట్టు తిరిగి పండుకుంటే, తినమంటే లెయ్యడు. అడిగితే నాకేం రాదక్కా అంటాడు. అక్కడోళ్లు ఒక బొమ్మనిచ్చి, దీన్ని కుర్చీలోంచి లేపు అన్యారంట. ఈనికి చేతగాల్య. మళ్లా ఇంగొగటి ఇచ్చినారంట. అదీ చేతగాల్య. ఆ మూట బొమ్మ నువ్వు చేసిందేనా అని అడిగినారంట అందరి ముందర."

షాహీనా వరండా కమ్మీ పట్టుకుంది.

"నువ్వే గదమ్మా ఆ టీవీలో నాకు చూపిచ్చినావు, మీవోడు చేసినాడు సూడు అని. అది చేసినోనికి కుర్చీలోంచి లేపేది రాదా?"

లోపల పిల్లలు ఏదో జోకుకు నవ్వుతున్నారు. అబద్ధం చెప్పడానికి షాహీనాకు ఓపిక లేకపోయింది. నిజం చెప్పడానికీ పెద్దగా ఓపిక లేదు.

"వాడు కాదు లక్ష్మక్కా. నేను చేసినా" అంది.

"నువ్వా?"

"వాడు తప్పు చేస్తాంటే సరిచేస్తా పోయినా. అట్లా మొత్తం నాదే అయిపాయ. వాడు మోసం చెయ్యల్య. వాడికీ తెల్దు."

లక్ష్మక్క కమ్మీ దగ్గరికి జరిగి కింద రోడ్డు మీద ఆటోల్ని చూసింది. తిడుతుందేమోనని షాహీనా ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది కూడా.

"నేను పొద్దున్నే లేచి బొరుగులు నానబెడ్తా" అంది చివరికి లక్ష్మక్క. "చేతులు నొస్తే ఈన్ని రమ్మంటా. ఈడు వొచ్చి పిండితే ఉగ్గాని ముద్ద అయితాది. అయినా నేను లాక్కోను. ఎప్పటికన్నా రావల్ల గదా ఈనికి." కొంగు సర్దుకుని, "ఇప్పుడన్నా నేర్పమ్మా. నేను పంపిస్తా" అంది.

ఆమె మెట్లు దిగి వెళ్లాక షాహీనా క్లాసులోకి వెళ్లి, బంతి దగ్గర ఎక్కడ ఆపిందో గుర్తురాక, పిల్లల్నే అడిగింది.

రాఘవేంద్రప్రసాద్‌కు విషయం చెబితే ఆయన మొదట లేచి గది తలుపు దగ్గరికి వేశాడు.

"వాడు వచ్చినట్టు ఎవురికన్నా తెలుసునా?"

"తెల్దు సార్."

"అయితే ఫొటో అట్లనే ఉండనీ. కోర్సు అయిపోయినోన్ని మళ్లా కూర్చోబెడితే మిగిలినోళ్లు ఏమనుకుంటారమ్మా?"

"భోజనం టైములో కూర్చోబెట్టుకుంటా సార్. అప్పుడు గది ఖాళీగానే ఉంటాది గదా."

ఆయన ఆలోచించి, ఏసీ వేయకుండా ఉంటే అభ్యంతరం లేదన్నాడు.

ప్రదీప్ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. మెట్ల దగ్గర తన ఫొటో వైపు చూడకుండా ఎక్కి వచ్చాడు. షాహీనా క్షమాపణ లాంటిదేదో చెప్పబోతే, వాడు "వద్దు మేడం" అని తల దించుకున్నాడు. ఇంక ఆమె ఆ మాట ఎత్తలేదు.

"నేను ఈ కిటికీ దగ్గర నిలబడతా. నీ దగ్గరికి రాను. ఏం జరిగినా మౌస్ నీదే" అంది. వాడు కుర్చీలో కూర్చున్న బొమ్మను తెరిచాడు. కిటికీ ఇనుప చువ్వలు ఎండకు కాలుతున్నాయి. ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది.

వాడు మొదట చేసిన బొమ్మ కుర్చీలోంచి లిఫ్టులో పైకి పోయినట్టు లేచింది. వీపు నిటారుగా, చేతులు చెక్కలా. షాహీనా చేతులు వెనక్కి కట్టుకుంది. రెండు గీతలు కదిపితే సరిపోతుందని ఆమెకు తెలుసు. ఆ రెండు గీతల సంగతి నోట్లోనే దాచుకుని చూస్తూ నిలబడటం కన్నా మూడు బ్యాచీలకు పాఠం చెప్పడం నయమనిపించింది. తల నొప్పి మొదలైంది.

"ప్రదీప్, ఆ కుర్చీలో కూర్చో. వీపు వంచకుండా లెయ్."

వాడు ప్రయత్నించాడు. పాదాలు నేలకు అదిమాడు, ముఖం ఎర్రబడింది. లేవలేకపోయాడు.

"ఏమైంది?"

"లెయ్యలేకపోతాండా మేడం."

"ఎందుకు?"

వాడు మళ్లీ కూర్చుని ఈసారి మెల్లగా లేచాడు. సగంలో ఆగి, తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "ముందుకు వంగల్ల మేడం. తలకాయ పాదాల మీదికి రావల్ల. అప్పుడు గానీ పిర్రలు లెయ్యవు."

"మరి నీ బొమ్మ వంగిందా?"

"లేదు."

ఆ రోజుకు అంతే అయింది. మరునాడు బొమ్మ వంగింది గానీ ముందుకు పడిపోయేలా వంగింది. ఆ తర్వాత లేచింది, కానీ బరువు లేనట్టు, గాలిబుడగలా. కరెంటు పోయి ఒకసారి చేసిందంతా పోయింది. ఒకరోజు ప్రదీప్ మౌస్ వదిలేసి, "మీరే చేయండి మేడం, నాతో కాదు" అన్నాడు. షాహీనా కిటికీ దగ్గర్నుంచి రెండడుగులు వేసి, ఆగి, నీళ్ల సీసా తెచ్చి వాడి బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్లింది. ఆమె తన డబ్బా విప్పి తిన్నది లేదు. సాయంత్రం బ్యాచి అయ్యేసరికి కాళ్లు నీరు పట్టినట్టుండేవి.

వాళ్లిద్దరి మధ్యా పెద్దగా మాటలు లేకుండా చాలా మధ్యాహ్నాలు గడిచాయి. ప్రదీప్ ఇప్పుడు మనుషుల్ని చూడటం నేర్చాడు. బస్సులో లేచేవాళ్లను, చీరల కొట్టులో పరుపు మీంచి లేచే గుమాస్తాలను, అక్క బండి దగ్గర బెంచీ మీంచి లేచేవాళ్లను. వచ్చి చేసి చూపేవాడు. కొందరు ముందు చేత్తో తొడను తోసుకుంటారు, కొందరు ముందు ఊపిరి పీలుస్తారు, కుర్రాళ్లు లేచేటప్పుడే ఎటో నడుస్తుంటారు.

ఒకరోజు షాహీనా గదిలోకి రాగానే, "అయింది మేడం, చూడండి" అన్నాడు.

తెర మీద ఒక ఆడమనిషి బొమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. కాసేపు కదల్లేదు. తర్వాత చెయ్యి బల్ల మీద ఆనింది. తల దిగింది. లేద్దామా వద్దా అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. వీపు ముందుకు వంగింది, మోకాళ్లు బరువు తీసుకున్నాయి, నడుము లేచింది. నిలబడ్డాక కూడా చెయ్యి బల్ల మీంచి వెంటనే తీయలేదు. భుజాలు ఒకసారి పైకి లేచి పడ్డాయి. అప్పుడు నడక మొదలుపెట్టింది.

షాహీనా మళ్లీ వేయమంది. వాడు మళ్లీ వేశాడు.

"ఎవుర్ని చూసి చేసినావు?"

ప్రదీప్ మౌస్ తీగ సర్దాడు.

"చెప్పప్పా."

"మిమ్మల్నే మేడం. క్లాసు అయిపోయినాక మీరు అట్లనే లేస్తారు."

షాహీనా తెర వైపు తిరిగింది. తెర మీద బొమ్మ మొదటికి వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుని ఉంది.

"నేను అంత అలిసిపోయినట్టు కనపడ్తాండానా?"

"శానా మేడం" అన్నాడు వాడు, మెల్లగా.

షాహీనా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎడమ పాదం కొంచెం జారుతాండాది. చూసుకో" అంది.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు తల్లితో ఈ సంగతి చెప్పింది. మౌలాబీ పళ్లెంలో పప్పు వేస్తూ, "నేను రోజూ చూస్తానే ఉండా. చెబితే వింటావా నువ్వు? ఒక పూట మానుకో" అంది. ఆ మాట ఆమె ఎన్నోసార్లు అన్నదే. ఈసారి షాహీనా అడ్డం చెప్పలేదు.

మరునాడు రాఘవేంద్రప్రసాద్ దగ్గరికి వెళ్లి, ఇక మధ్యాహ్నం బ్యాచి చెప్పలేనంది. పిల్లల రీళ్ల మీద చెయ్యి వేయనని కూడా చెప్పింది.

"అట్లయితే రీళ్లు ఎట్ల ఉంటాయమ్మా?"

"వాళ్లు చేసినట్టు ఉంటాయి సార్."

"ఎవురు చేరతారు మరి?"

"నేర్చుకునేవాళ్లు చేరతారేమో."

ఆయనకు నచ్చలేదు. వేరే టీచరు కోసం కొన్నాళ్లు వెతికాడు. దొరకలేదు. షాహీనా జీతంలో కోత పెట్టి ఊరుకున్నాడు. ఆయన చెప్పినట్టే ఆ ఏడు చేరినవాళ్లు తగ్గారు. రీళ్లు కూడా నాసిగానే వచ్చాయి. బొమ్మల పాదాలు జారాయి, మోకాళ్లు వంకర పోయాయి. వాటిని పట్టుకుని హైదరాబాదు వెళ్లినవాళ్లలో కొందరికి పని దొరికింది, ఎక్కువమందికి దొరకలేదు. పని దొరికినవాళ్లు మాత్రం వెనక్కి రాలేదు.

ప్రదీప్‌కు హైదరాబాదు మళ్లీ కలిసిరాలేదు. వాడు రెండోసారి వెళ్లేనాటికి స్టూడియోలే మనుషుల్ని తీసేస్తున్నాయి. కడపలో కొత్తగా తెరిచిన ఒక సెంటరులో పాఠాలు చెప్పడానికి చేరాడు. కడప ఎండ కర్నూలు ఎండకన్నా ఎక్కువని, అక్క బజ్జీలు లేక నోరు చప్పగా ఉందని ఫోన్లో చెప్పేవాడు. లక్ష్మక్క మాత్రం తమ్ముడు టీచరయ్యాడని బండి దగ్గర అందరికీ చెప్పుకుంది.

షాహీనాకు అలసట పూర్తిగా పోలేదు. పొద్దున్నా సాయంత్రమూ ఇంకా అదే పని. కానీ మధ్యాహ్నం ఇంటికొచ్చి, తలుపు దగ్గరేసి, నాయన కుట్టిన పాత పరుపు మీద పడుకునేది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. పడుకోవడమే మరిచిపోయినట్టుండేది. కొన్ని రోజులయ్యాక, ఒకనాడు పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది. మౌలాబీ వచ్చి రెండుసార్లు పిలిచి, లేవకపోయేసరికి, కిటికీ రెక్క మూసి వెళ్లిపోయింది.