ఆన్సెల్మ్ ముక్కు

ద్రాక్షతోటల సీమ బర్గండీలోని ఒక పల్లెలో ఆదివారం భోజనానికి ముందు, ఏ ఏటిదో తెలియకుండా ఊలు మేజోడు తొడిగిన వైన్ సీసా బల్ల మీదికి రాగానే, మిత్రుల చూపులన్నీ ఆన్సెల్మ్ ముక్కు వైపు తిరిగేవి. పీపాలు చేసి కాయలు కాచిన వేళ్లతో గ్లాసు కాడ పట్టి, ఎర్రని రసాన్ని మెల్లగా తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. కళ్లు తెరిచి చూసేది రంగే గాని వాసన కాదని అతని సిద్ధాంతం. ఆపైన ఏ కొండవాలు ద్రాక్షతోటదో, ఏ ఏటి పంటో చెప్పి, ఇప్పుడు లేని భార్య మెలనీ ఆ కోతల్లో ఏ పాట పాడిందో కూడా చెప్పేవాడు. ఈ చలికాలపు జ్వరం తన ముక్కును ఎత్తుకుపోయిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ బల్ల దగ్గర తనకిక పనేమిటి?

మొన్న ఆదివారమూ కళ్లు మూసుకుని, “ఆహా, మంచి ఏడాది పంట!” అన్నాడు. నిజానికి బిరడా చెడి, వైన్ తడిసిన అట్టపెట్టెలా కంపు కొడుతోంది. నోరు తెరవబోయిన మిత్రుడు ఫిర్మిన్ కాలిని స్నేహితురాలు ఒదిల్ బల్ల కింద తొక్కి, “నాకింకాస్త పొయ్యవయ్యా,” అంది. చెడిన చుక్కను గొంతు దిగనివ్వని ఒదిల్! ఆమె మొహం చిట్లించుకుని మింగడం చూసి ఆన్సెల్మ్ గ్లాసు దించాడు. “పాడైపోయింది కదూ? నాకు వాసన పోయిందర్రా.” “కంపురా బాబూ! మా అత్తగారి నేలమాళిగే నయం,” అన్నాడు ఫిర్మిన్. ఒదిల్ మరో సీసా తెరిచి, తానే వాసన చూసి, “మగ్గిన చెర్రీలు... వానకు తడిసిన మట్టి... కొంచెం పొగ. ఇక నువ్వు చెప్పు,” అంది. ఆన్సెల్మ్ కళ్లు మూసుకున్నాడు. “కోతల చివరిరోజు వాన పడింది,” అని మొదలుపెట్టాడు. “అందరం చెట్ల కిందికి పరుగెత్తాం. మెలనీ మాత్రం తడుస్తూనే పాడింది.”