గ్రేసక్కను ఎవరూ ఎలుకను చేయలేదు

నిన్న పొద్దున స్టాఫ్‌రూమ్‌లో ఉండగా గ్రేసక్క తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయింది మేడం."

చాక్‌పీస్ పట్టుకుని అలాగే క్లాసుకు వెళ్లాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మొయినాబాద్‌లో మా స్కూల్ పీఈటీ ఆమె. సొంతూరు ఆలూరు. ఆడపిల్లలకు కబడ్డీ ఎందుకన్న పెద్దమనుషులను గ్రౌండ్‌కు పిలిచి, కూర్చోబెట్టి మ్యాచ్ చూపించిన మనిషి.

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టింది. ఉన్న మందులకు లొంగలేదు. సిటీలో ఒక దవాఖానలో కొత్త మందును రోగులకు ఇచ్చి పరీక్షించే క్లినికల్ ట్రయల్ జరుగుతోందన్నారు. తోడుగా నేనే వెళ్లాను.

"నాకు కొత్త మందు ఇస్తరా, పాతదే ఇస్తరా?" అక్క సూటిగా అడిగింది.

"అది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీకు ఏది వచ్చిందో మాకూ తెలియదు" అంది డాక్టరమ్మ.

"నడుమల ఇడిచిపెడ్తె?"

"మీ ఇష్టం. మామూలు ట్రీట్‌మెంట్ మాత్రం ఆగదు."

అక్క ఇంటికొచ్చి బాగా ఆలోచించుకుంది. మళ్లీ వెళ్లి సంతకం పెట్టింది.

ఆ తర్వాత చేవెళ్లలో ఒక పెళ్లి. భోజనాల దగ్గర అక్క మేనమామ అందరి ముందూ అనేశాడు. "నిన్ను ఎలుకను చేసిన్రు గద బిడ్డా!"

అక్క ప్లేటు పక్కన పెట్టింది.

"మామా, నువ్వు రోజు ఏసుకునే షుగర్ గోలి ఆకాశంల కెల్లి పడ్డదా? ముందుగాల ఎవరో ఒకరు మింగి చూసిన్రు. ఎలుకను అడిగి సూది ఇయ్యరు. నన్ను అడిగిన్రు. నేను సరే అన్న."

మళ్లీ ప్లేటు అందుకుంది.

కొన్ని నెలలు బాగుంది. గ్రౌండ్‌లోకి కూడా వచ్చింది. తర్వాత స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు తేలింది. అక్కకు ట్రయల్ ఆపేశారు.

తిరిగొచ్చే బస్సులో ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి తనే అంది. "నాకు పని చెయ్యలే. గదిగూడ రాసుకుంటరు కద, రాసుకోనీ. ఇంకొకామెకు అక్కరకొస్తది."

నిన్న సాయంత్రం సమాధుల దగ్గర ఎవరో గొణిగారు, ట్రయలే చంపిందని.

కాదు!

అక్కడ గట్టిగా చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. చంపింది క్యాన్సర్. చెప్పకుండా, మోసం చేసి ఎవరికైనా మందు గుచ్చితే నేనూ కొట్లాడతాను. అక్క నాకంటే ముందుండేది. కానీ అన్నీ అడిగి, తెలిసి ఒప్పుకున్న మనిషిని అమాయకురాలిని చేయకండి. ఆ ధైర్యం ఆమెది. దాన్ని లాక్కునే హక్కు మీకు లేదు.

పోయిరా అక్కా. ఇక సూదుల్లేవు, స్కాన్లు లేవు.

నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీకు నెమ్మది దొరకాలి.