రీలు తెచ్చిపెట్టమంటే...

ఒక్క మాట అపార్థం చేసుకుని, పాపం ఓ పెద్దాయన కొట్టు పీకి పందిరేసి, మా ఆయన ఏడాదంతా కలవరించిన చేపల వేటని గంగలో కలిపిన కథ ఇది. నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

అప్పటికి నేను అల్ ఖోబర్‌కి కాపరానికొచ్చి నెల. ఆ శుక్రవారంతో నిషేధం తీరి వంజరం చేపల వేట మళ్ళీ మొదలు. ఖతీఫ్ నుంచి స్నేహితుల పడవ తెల్లారగానే బయల్దేరుతుంది. మా ఆయన హాలంతా గాలాలు పరిచి, తుప్పు పట్టినవి పారేసి కొత్తవి కడుతున్నారు. సోఫాలో కూర్చోవాలంటే ముందు తడిమి చూసుకోవాలి. ఇక మిగిలింది గాలం దారం చుట్టే రీలు, ఉప్పుకి బిగుసుకుపోయింది.

"అజీజియాలో ఒక కొట్లో బాగుచేయమని ఇచ్చానే. నాకు డ్యూటీ, కాస్త తెచ్చిపెట్టు," అన్నారు బుధవారం.

"ఎమ్మే చదివాను, ఆమాత్రం తేలేనా?" అన్నాను. జరిగినదాంట్లో ఎమ్మేది తప్పేం లేదు లెండి.

కొట్టాయన ఈజిప్టు మనిషి. మా రీలు పొట్ట కోసి, పేగులన్నీ గుడ్డ మీద ఆరేసి కూర్చున్నాడు. రసీదు చూపించాను. నావైపు వేలు చూపించి, "ఇన్తీ... బకరా?" అన్నాడు.

నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో 'ఇన్తీ' ఒకటి. అంటే నువ్వు. రెండో మాట ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

"ఎవరయ్యా బకరా?"

"బకరా బుక్రా," అన్నాడు తాపీగా.

చూశారా, ఒకసారి చాలక రెండోసారి, అదీ రాగం మార్చి!

"ఇన్తా బకరా!" అన్నాను బల్ల గుద్ది. మగవాళ్ళని 'ఇన్తా' అనాలి. తిట్టేటప్పుడు వ్యాకరణం తప్పడం నాకు గిట్టదు. ఆయన బిత్తరపోయాడు. "నీ కొట్టంతా బకరా!" అంటూ అలమారలన్నీ చూపించాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఐవా! కుల్లు బకరా!" అని, అవును, అన్నీ అవే అన్నట్టు తలూపుతూ అద్దాల బీరువా తెరిచాడు.

తిడితే సంబరపడే మనిషితో ఏం వాదిస్తాం? పేగులన్నీ సంచీలోకి ఊడ్చుకుని వచ్చేశాను.

"రీలు ఏదే?" అన్నారు మా ఆయన.

సంచీ బోర్లించాను. "వాడు నన్ను బకరా అన్నాడండీ!" అంటూ వాడన్నదీ నేనన్నదీ పొల్లుపోకుండా చెప్పాను.

ఆయన రెండు చేతులా తల పట్టుకున్నారు. "ఒసే, అరబ్బీలో బకరా అంటే రీలే! బుక్రా అంటే రేపు. రీలు రేపు ఇస్తానన్నాడే!"

"మరి నేను...?"

"నువ్వు రీలువి, నీ కొట్టంతా రీళ్ళే అని తిట్టొచ్చావు!"

"ఆరేళ్ళుగా ఇక్కడున్నారు, రీలుకి పంపుతూ రీలునేమంటారో చెప్పొద్దూ?" అని నేనూ అరిచాను. న్యాయం నాదే. ఇప్పటికీ నాదే.

గురువారం ఇద్దరం వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. పెద్దాయన ముక్కలన్నీ పేర్చి చూసి, చిన్న స్ప్రింగు ఒకటి లేదని తేల్చాడు. సంచీ చిల్లులోంచి ఏ రోడ్డున జారిందో!

"బుక్రా," అన్నాడు, నావైపు చూసి ఒకడుగు వెనక్కి వేస్తూ.

ఈసారి బాగానే అర్థమైంది. రేపంటే శుక్రవారం, పడవ వెళ్ళిపోయాక.

మా ఆయన రీలు లేని గాలం కర్రతో పడవెక్కి, అందరికీ ఎరలు కోసిపెట్టి, పనిలో పనిగా కథంతా చెప్పొచ్చారు. అప్పట్నుంచి ఆ పడవ వాళ్ళకి నేను 'బకరా వదిన'ని. రీలు అనే అర్థంలోనేనట!

అందుకే సముద్రం సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ భాషలో ఏమన్నా సరే, ముందు అర్థం కనుక్కుంటాను. తిట్టడం ఆ తరవాతే.